బోయింగ్ 737

బోయింగ్ 737 అమెరికాకు చెందిన బోయింగ్ సంస్థ తయారుచేసే జెట్ ప్రయాణికుల విమానాల కుటుంబము. 1967 ఏప్రిల్ 9న తొలిసారి ఎగిరిన ఈ విమానం అనేక మార్పులతో నేటికీ తయారవుతున్నది. సీట్ల వరుసల నడుమ ఒకే దారి, రెక్కల క్రింద చెరొక ఇంజను దీని ముఖ్య లక్షణాలు. 2018 మార్చిలో పదివేలవ 737 తయారైనది.

ఆకృతి

1960వ దశకంలో చిన్న విమానాశ్రయాలలో సామాను ఎక్కించే యంత్రాలు అంతగా ఉండేవి కావు. అందువలన ఈ విమానాన్ని నేలకు బాగా దగ్గరగా ఉండేటట్లు రూపొందించారు. ఆనాటి ఇంజన్లు చుట్టలవలె సన్నగా, పొడవుగా ఉండేవి కనుక ఇబ్బంది కలుగలేదు. ప్రధాన చక్రాలను పూర్తిగా కప్పే తలుపులు దీనికి లేవు. తలపై వెళ్ళే విమానం పొట్టక్రింద రెండు నల్లని గుండ్రాలు కనిపిస్తే అది 737 కావడానికే అవకాశం ఎక్కువ.

సేవలు

జర్మనీకి చెందిన లుఫ్తాన్సా 1968 ఫిబ్రవరిలో 737-100 రకాన్ని ప్రవేశపెట్టినది. ఈ రకం విమానాలు 30 మాత్రమే తయారయ్యాయి. కొంచెం పొడవైన 737-200కే గిరాకీ లభించినది. 1970వ దశకం తొలినాళ్ళలో అమ్మకాలు పడిపోగా, అమెరికా వాయుసేన శిక్షణ కొరకు 19 విమానాలను కొనడం కొంత ఆదుకొన్నది. 1971లో మూడు 737లతో మొదలైన సౌత్‌వెస్ట్ సంస్థ దీనినే నమ్ముకొని పెరిగినది. విమానాలన్నీ ఒకే కుటుంబానివైతే పైలట్ల శిక్షణకు, విడిభాగాలకు ఖర్చు తగ్గుతుంది.

1984లో ఎగిరిన 737-300కు ఇంధనం ఆదాచేసే, లావైన ఇంజన్లు అమర్చవలసి వచ్చినది. నేలకు తగలకుండా ఇంజను అడుగుభాగాన్ని చదునుగా చేశారు.

మాక్స్ ప్రమాదాలు

2017లో సేవలోకి వచ్చిన 737 మాక్స్ ఇంజన్లు మరింత పెద్దవి. వాటిని రెక్కకు ముందుకు, పైకి జరిపారు. దానితో కొన్ని పరిస్థితులలో విమానం ముక్కు పైకి లేచే స్వభావం ఏర్పడినది. దానిని సరిదిద్దడానికి ముక్కును తనంతట తానే క్రిందికి దించే ఎంకాస్ అనే సాఫ్ట్‌వేరును చేర్చారు. అది ఒకే ఒక సెన్సారు చెప్పినదానిని నమ్మి పనిచేసేది. పైలట్ల పుస్తకంలో దాని వివరణ లేదు. పైలట్లకు సిమ్యులేటరు శిక్షణ అవసరం లేకుండా చూడాలన్న వ్యాపార లెక్క దీని వెనుక ఉన్నది. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం కూలి 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో మరొకటి కూలి 157 మంది మరణించారు. రెండింటిలోనూ సెన్సారు తప్పు చెప్పినది. మొదటి ప్రమాదం తరువాతనే వీటిని నిలిపివేసి ఉంటే రెండవది జరిగేది కాదు. 2019 మార్చిలో ప్రపంచమంతటా వీటిని నిలిపివేశారు. సాఫ్ట్‌వేరును మార్చిన పిమ్మట 2020 నవంబరులో అమెరికా తిరిగి అనుమతించినది.

భారతదేశంలో

ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1970వ దశకంలో 737-200 విమానాలను విస్తృతంగా నడిపినది. 1993లో జెట్ ఎయిర్‌వేస్, 2005లో స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737లతోనే సేవలు ప్రారంభించాయి. 2010 మే 22న మంగుళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737-800 రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు. 8 మంది బ్రతికారు. దిగే ప్రయత్నాన్ని కెప్టెన్ విరమించకపోవడమే దీనికి కారణమని విచారణలో తేలినది. మాక్స్‌పై నిషేధాన్ని భారతదేశం 2021 ఆగస్టులో ఎత్తివేసినది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆకాశ ఎయిర్ సంస్థ ఈ రకం విమానాలతోనే మొదలైనది.