బిడ్డకు మతి చెదిరితే తప్పు తల్లిదేనా?

ఈ ఎపిసోడ్‌లో ఒక నింద చరిత్ర చెప్పుకుందాం.

హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ 1960లో వచ్చింది. చివర్లో ఒక డాక్టరు వచ్చి, కొడుకు అలా తయారవడానికి తల్లి పెత్తనమే మూలమన్నట్టు వివరిస్తాడు. చూసినవాళ్ళు నమ్మేశారు. ఎందుకంటే అప్పటి అమెరికాలో పేరున్న వైద్యులే ఆ మాట అంటున్నారు.

1943లో లియో కానర్ 11 మంది పిల్లల్ని పరిశీలించి ఆటిజం గురించి రాశాడు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఆప్యాయత లేదన్న మాట బలపడింది. ‘రిఫ్రిజిరేటర్ తల్లి’ అని ఒక పేరే పుట్టింది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ స్కిజోఫ్రేనియాకు కూడా తల్లి తీరునే కారణంగా చూపించింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం ఈ నిందను మామూలు పాఠకులదాకా తెచ్చింది.

దీన్ని ఎదిరించిన వాళ్ళలో బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఒకడు. తన కొడుక్కి ఆటిజం. ఇది పెంపకం వల్ల వచ్చేది కాదని 1964లోనే పుస్తకం రాశాడు. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ కవల పిల్లల్ని పరిశీలించి, ఇందులో వంశపారంపర్యం పాత్ర పెద్దదని చూపించారు.

ఇక మన వైపు చూద్దాం. మా సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడికి రాత్రీ పగలూ తలుపులు మూయరు. బిడ్డ తీరు మారితే ‘గాలి సోకింది’, ‘దిష్టి తగిలింది’ అని అమ్మవారి దగ్గరికి వెళ్ళే తల్లులు మనకు కొత్తేం కాదు. దాంతోపాటు ‘నువ్వు సరిగా పెంచలేదు’ అనే మాట కూడా ఆ తల్లే పడాలి. పేర్లు వేరు గానీ, నింద ఒకటే.

కానీ మనకు దగ్గర్లోనే ఇంకో దారి కూడా మొదలైంది. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో రోగుల ఇంటివాళ్ళను ఆసుపత్రి ఆవరణలో గుడారాల్లో ఉంచాడు. చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీలో 1957లో డాక్టర్ ఫ్లోరెన్స్ నికోల్స్ మానసిక వైద్య కేంద్రం పెట్టింది. అక్కడ కూడా ఇంటివాళ్ళు రోగి పక్కనే ఉండే పద్ధతి. అమెరికాలో తల్లిని జబ్బుకు మూలం అంటున్న రోజుల్లోనే, ఇక్కడ ఆమెను వైద్యంలో తోడుగా నిలబెట్టారు. సిబ్బంది కొరత కూడా ఒక కారణమే అనుకోండి. అయినా మేలు జరిగింది: ఇంటివాళ్ళు జబ్బును దగ్గరుండి చూసి, భయం తగ్గించుకుని ఇంటికెళ్ళారు.

అయితే తోడు ఉండమంటే బరువంతా తల్లి మీద వేయమని కాదు. తండ్రి, అత్తమామలు, ఊరు కూడా కొంత మోయాలి. బిడ్డ విషయంలో అనుమానం ఉంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. పక్కింటి తల్లిని మాత్రం ‘ఏం చేశావమ్మా వాడికి?’ అని అడక్కండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.