పొలం పని నేర్చిన సత్యాగ్రహులు

దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరంలో, లాలీ రైల్వే స్టేషన్‌కు మైలు దూరంలో ఉన్న టాల్‌స్టాయ్ ఫారం 1910లో ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా మొదలైంది. ట్రాన్స్‌వాల్‌లోని భారతీయులు తమపై పెట్టిన రిజిస్ట్రేషన్ చట్టాన్ని ఎదిరించి జైళ్లకు వెళ్తున్న రోజులవి. వాళ్ల కుటుంబాలకు నెలనెలా డబ్బు ఇవ్వాలి. ఎవరికి ఎంత అవసరమో తేల్చడం కష్టంగా ఉండేది, పైగా పోరాటం ఎన్నేళ్లు సాగుతుందో తెలియదు. అందరూ ఒకచోట చేరి, కష్టపడి, ఒకే పొయ్యి మీద వండుకు తింటే గట్టెక్కవచ్చని గాంధీ ఆలోచించారు. ఆయన మిత్రుడు, ఆర్కిటెక్ట్ హెర్మన్ కాలెన్‌బాక్ 1,100 ఎకరాలు కొని, పోరాటం సాగినంతకాలం అద్దె లేకుండా వాడుకోమని 1910 మే 30న అప్పగించారు. టాల్‌స్టాయ్ పేరు పెట్టిందీ ఆయనే.

భూమి మంచిదే. వెయ్యి దాకా పండ్ల చెట్లు, రెండు బావులు, ఒక ఊట, గుట్ట కింద అరడజను మంది పట్టే చిన్న ఇల్లు ఉండేవి. నారింజలు, ఆప్రికాట్లు, ప్లమ్‌లు కాపు కాలంలో అందరూ తినగా ఇంకా మిగిలేవి. రేకుల ఇళ్లు లేచేదాకా జనం గుడారాల్లో గడిపారు. గుజరాత్, తమిళనాడు, ఆంధ్రదేశం, ఉత్తర భారతం నుంచి వెళ్లినవాళ్లు అక్కడ కలిసి బతికారు. వారిలో హిందువులు, ముస్లిములు, పార్సీలు, క్రైస్తవులు ఉన్నారు. నలభై మంది యువకులు, ఇద్దరు ముగ్గురు వృద్ధులు, ఐదుగురు స్త్రీలు, ఇరవై ముప్ఫై మంది పిల్లలు. వంటకూ ఊడ్చడానికీ కూడా పనివాళ్లను పెట్టుకోకూడదన్నది మొదటి నియమం.

ఊట ఇళ్లకు 500 గజాల దూరం. నీళ్లన్నీ కావళ్లతో మోసుకురావాలి. అంత కష్టపడి తెచ్చిన నీటిని ఒలకబోయడానికి ఎవరికి మనసొప్పుతుంది? వాడిన నీళ్లను బకెట్లలో పట్టి చెట్లకు పోసేవారు. కూరగాయల తొక్కు, తిండిలో మిగిలినది ఎరువయ్యేది. మలాన్ని సైతం అడుగున్నర లోతు గుంటలో వేసి, తవ్విన మట్టితోనే కప్పేవారు. అంతమంది ఉన్నచోట చెత్త గానీ దుర్వాసన గానీ ఉండేది కాదు. పల్లెల్లో ఇప్పటికీ పూర్తిగా కుదరని శుభ్రతను డబ్బు లేని ఒక గుంపు కేవలం పార, బకెట్టు సాయంతో సాధించింది. ఈ ఫారం చరిత్రలో అందరూ గుర్తుంచుకోవలసిన అధ్యాయం ఇదే.

పిల్లల వాటాకు గోతులు తవ్వడం, కట్టె కొట్టడం, బరువులు మోయడం, తోటపని వచ్చేవి. పెద్దలు చేయని పని పిల్లలకు చెప్పకూడదన్నది కట్టుబాటు కాబట్టి, పిల్లలు పార పట్టిన చోటల్లా ఒక పెద్దమనిషి కూడా పార పట్టుకుని ఉండేవాడు. కొందరు ఒక్కోసారి పని ఎగ్గొట్టేవారు. అయినా ఎక్కువమంది ఇష్టంగానే చేసేవారని గాంధీ రాసుకున్నారు. పొద్దున్నంతా పని చేశాక మధ్యాహ్నం బడి. పాఠం చెప్పే గాంధీకీ వినే పిల్లలకూ నిద్ర ముంచుకొచ్చేది, కళ్ల మీద నీళ్లు చల్లుకునేవారు. పిల్లల మాతృభాషలు గుజరాతీ, తమిళం, తెలుగు. గాంధీకి తమిళం కొంత వచ్చు, తెలుగు రాదు. తెలుగు పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పలేకపోవడం ఆ బడికి తీరని లోటు.

కాలెన్‌బాక్‌లో వచ్చిన మార్పు అన్నిటికన్నా పెద్దది. ఇంటి అద్దె కాక నెలకు 1,200 రూపాయలు తన ఒక్కడి కోసం ఖర్చు పెట్టిన మనిషి 120 రూపాయలకు దిగారు. ట్రాపిస్టు సన్యాసుల మఠానికి వెళ్లి చెప్పులు కుట్టడం నేర్చుకొచ్చారు. ఆయన దగ్గర గాంధీ, గాంధీ దగ్గర మిగతావాళ్లు ఆ పని నేర్చుకున్నారు. సొంత పనికి పట్నం వెళ్లేవాళ్లు నడిచే వెళ్లాలి. రాత్రి రెండింటికి లేచి, రెండున్నరకు బయలుదేరితే ఆరేడు గంటల్లో జొహానెస్‌బర్గ్ చేరేవారు. అందరికన్నా వేగంగా నడిచినవారికి పట్టిన సమయం 4 గంటల 18 నిమిషాలు. తిరగలితో విసిరిన పిండితో చేసిన రొట్టె, వేరుశనగ వెన్న, నారింజ తొక్కల మార్మలేడ్ దారి బత్తెం.

బలహీనులు అక్కడ బలపడ్డారనీ, శ్రమ అందరికీ టానిక్‌లా పనిచేసిందనీ గాంధీ తరవాత రాశారు. తన విశ్వాసం, ధైర్యం అత్యున్నతంగా ఉన్నది ఆ ఫారంలోనేననీ, ఆ ఎత్తును మళ్లీ అందుకోలేకపోయాననీ కూడా చెప్పుకున్నారు. డబ్బు పొదుపు కోసం వచ్చినవాళ్లకు దక్కిన ఈ నిబ్బరం ఎవరి లెక్కలోనూ లేనిది.

1911లో ప్రభుత్వంతో తాత్కాలిక ఒప్పందం కుదరగానే చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. 1913 జనవరిలో మిగిలినవారు డర్బన్ దగ్గర ఉన్న గాంధీ ఫీనిక్స్ ఆశ్రమానికి మారారు. అదే ఏడాది పోరాటం మళ్లీ రాజుకుంది. టాల్‌స్టాయ్ ఫారంలో బతికిన స్త్రీలు నాటాల్‌లోని న్యూకాజిల్ వెళ్లి బొగ్గుగని కూలీలను, ఒప్పంద గడువు ముగిసిన భారతీయ కూలీలపై వేసిన మూడు పౌండ్ల పన్నుకు వ్యతిరేకంగా సమ్మెకు దింపారు. ఆ కూలీల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. నవంబరు 6న వాళ్లలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు కదిలారు. చేరవలసిన చోటు టాల్‌స్టాయ్ ఫారం. రోజుకు ఇరవై మైళ్లకు పైగా నడిచి ఎనిమిది రోజుల్లో అక్కడికి చేరి, తమ చేతులతోనే మట్టి గుడిసెలు వేసుకోవాలనేది ఆలోచన. కాలెన్‌బాక్ ఏర్పాట్లు కూడా చేశారు. కానీ నవంబరు 10న బాల్ఫోర్‌లో ప్రభుత్వం వాళ్లను అడ్డుకుని, ప్రత్యేక రైళ్లలో నాటాల్‌కు తిప్పి పంపింది.