ఖలాస్ అంటే ఏ చెట్టు? ఖర్జూరం పిలకల కథ

సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు మన పెట్టెలో తప్పకుండా ఉండేది ఖర్జూరం. మదీనా అజ్వా, ఖసీం సుక్కరీ, అల్‌హసా ఖలాస్ అని పేరును బట్టి రేటు కడతాం. అసలు ఆ పేరు దేనికి పేరు? ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది అదే.

ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. గింజ నాటితే సుమారు సగం మగవే వస్తాయి. ఆడది వచ్చినా తల్లి పండు రాదు. మన మామిడి టెంక లెక్కనే. బంగినపల్లి కావాలంటే అంటు కట్టాల్సిందే కదా! ఖర్జూరానికి అంటు కుదరదు. కానీ చిన్న వయసులో చెట్టు మొదట్లో, అరటికి వచ్చినట్టు, పిలకలు వస్తాయి. పిలకను విడదీసి నాటితే తల్లే మళ్లీ పెరిగినట్టు. అంటే ఖలాస్ అనేది మూలంలో ఎవరో రైతుకు నచ్చిన ఒక చెట్టు. ఆ తర్వాతివన్నీ దాని పిలకలు, ఆ పిలకల పిలకలు.

ఒక చెట్టు బతుకంతా కలిపి ఇచ్చేది 10 నుంచి 30 పిలకలే. అల్‌హసా ఒయాసిస్‌లో ఇప్పుడు 25 లక్షల చెట్లున్నాయి. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అన్ని చెట్ల వెనక ఎన్ని తరాల చేతులు పనిచేశాయో లెక్కేసుకోండి.

ఆ చేతుల గురించి చాలా పాత రాత ఒకటుంది. పక్కనే ఇరాక్‌లో, 3,700 ఏళ్ల కిందట బాబిలోన్‌ను ఏలిన హమ్మురాబి చట్టం అది. తోట వేయమని తోటమాలికి పొలం ఇస్తే, అతను నాలుగేళ్లు పెంచాలి. ఐదో ఏడు యజమాని, తోటమాలి చెరిసగం పంచుకోవాలి. ఆడ చెట్లకు మగ పుప్పొడి పట్టించే పని చేస్తే పంటలో మూడో వంతు అతనిది. ఐదో ఏడు అని ఊరికే పెట్టలేదు. పిలక కాపుకు వచ్చేది దాదాపు అప్పుడే.

అప్పటిదాకా అది ఏ రకమో ఎట్లా తెలుస్తది? మట్టల రంగు, ముళ్లు ఎట్లా వరసగా ఉన్నాయి, ఆకులు ఏ కోణంలో లేచాయి అని చూసి చెప్పగలిగే ముసలి రైతులు ఉంటారు. మిగతావాళ్లకు పిలక ఇచ్చినవాడి మాటే రసీదు.

1987లో ఈ పద్ధతికి దెబ్బ తగిలింది. ఖతీఫ్ తోటల్లో ఎర్ర ముక్కు పురుగు కనబడింది. కోనసీమ కొబ్బరి రైతులకు బాగా తెలిసిన పురుగే, మన వైపు నుంచి వచ్చిందే. పిలకల లోపల దాక్కొని ఊరి నుంచి ఊరికి పాకింది. దాంతో పిలకను మోసుకుపోవడమే ప్రమాదమైంది. ల్యాబ్‌లో టిష్యూ కల్చర్ చేసిన మొక్కలకు గిరాకీ పెరిగింది. పురుగు ఉండదు, కావాల్సినన్ని వేల మొక్కలు దొరుకుతాయి, పేరూ అదే.

కానీ కాపు వచ్చేసరికి కొన్ని చోట్ల గుట్టు బయటపడింది. ముఖ్యంగా బర్హీ రకంలో. కొన్ని చెట్లు గిడసబారాయి. కొన్ని పూశాయి గానీ పిందె నిలవలేదు. ఖర్జూరం పువ్వులో మూడు గర్భకోశాలుంటాయి, వాటిలో ఒక్కటే కాయ అవుతుంది. తేడా వచ్చిన చెట్లలో మూడుకు మించి పుట్టాయి, గింజ లేని కాయలు వచ్చాయి. 2000 ప్రాంతంలో సౌదీ నుంచి, దూరాన నమీబియా నుంచి కూడా పరిశోధకులు ఇవే రాశారు. సీసాల్లో ఎక్కువ కాలం, ఎక్కువ సార్లు పెంచడంతో నకలు దారి తప్పుతుందని వాళ్ల అంచనా. కొన్ని చెట్లు వయసుతో సర్దుకున్నాయి, కొన్ని సర్దుకోలేదు. రైతుకు మాత్రం అన్నేళ్ల నీళ్లు, కూలీ పోయినట్టే.

ఇప్పుడు డీఎన్‌ఏ ఉంది కదా అంటారా? ఖలాస్ జన్యువుల పటాన్ని 2011లో ఖతార్ శాస్త్రవేత్తలు, 2013లో రియాద్‌లోని కింగ్ అబ్దుల్ అజీజ్ సంస్థ వాళ్లు చైనా వాళ్లతో కలిసి ప్రచురించారు. ఆకు ముక్క చూసి రకం చెప్పొచ్చు. సంకరం కూడా పట్టొచ్చు: ఉత్తర ఆఫ్రికా ఖర్జూరాల్లో గ్రీసు దీవి క్రీట్‌లో పెరిగే ఒక అడవి చెట్టు రక్తం కలిసిందని 2019లో తేలింది. మన కల్లు ఈత చెట్టూ ఆ వంశంలోదే. కానీ ల్యాబ్ నకలులో వచ్చిన తేడా పట్టడం కష్టం. అక్కడ జన్యువుల రాత దాదాపు అదే ఉంటది.

అందుకే మజ్రాలో పనిచేసే మనోళ్లకు ఒక మాట. హమ్మురాబి తోటమాలి ఐదో ఏడు వాటా కోసం అక్కడే ఉన్నాడు. మన అగ్రిమెంటు రెండేళ్లది. మనం నాటిన పిలక కాసేనాటికి మనలో చాలామంది ఇంటికి పోయి ఉంటాం. పిలక విడదీసే పని మీదైతే తల్లి చెట్టు నంబరు, తేదీ రాసి పిలకకు గట్టిగా కట్టండి. కఫీల్ అడగకపోయినా సరే. మీ తర్వాత వచ్చేవాడికి ఆ చెట్టు ఏదో చెప్పడానికి మీరు అక్కడ ఉండరు, ఆ చీటీ ఉంటది.