రేవులో దొరికే ఆ కొన్ని గంటలు

బొగ్గుతో ఓడలు నడిచిన రోజుల్లో, సెయింట్ లూసియా దీవిలోని కాస్ట్రీస్ రేవులో ఓడ ఆగిందంటే ప్రయాణికులు గబగబా ఒడ్డుకు దిగిపోయేవారు. స్థానిక స్త్రీలు నెత్తిన గంపలు పెట్టుకొని, చెక్క బల్లల మీదుగా బారులు తీరి బొగ్గు మోస్తుంటే నల్లటి దుమ్ము డెక్కంతా కమ్ముకునేది. గదుల కిటికీలన్నీ బిగించేసేవారు. ఆ ఉక్కలో, మూసిన గదిలో కూర్చోవడం ఎవరి తరం? గుర్రబ్బండి మాట్లాడుకొని ఏ కొండ మీదికో, ఏ తోటలోకో వెళ్లి, బొగ్గు నిండేదాకా అక్కడే గడిపి వచ్చేవారు. సెయింట్ థామస్ దీవిలోనూ ఇదే తంతు. ఇవాళ క్రూయిజ్ టికెట్ కొన్నవాళ్లు ప్రయాణానికి నెలల ముందే కూర్చొని ఏ రేవులో ఏం చేయాలో పట్టిక వేసుకుంటున్నారు. ఆ పట్టికకు మూలం ఓడకు పడ్డ అవసరం, ఆ అవసరాన్ని తీర్చిన కూలి జనం చేసిన చాకిరీ.

ఉష్ణమండల రేవుల్లో యాత్రికులకు అమ్ముతున్న వినోదాలను ఒక్కొక్కటిగా తవ్వి చూస్తే, చాలావాటి అడుగున ఆ ఊరివాళ్లు పొట్టకూటి కోసం చేసిన ఏదో ఒక పని కనిపిస్తుంది. ఒడ్డుకు దిగేటప్పుడు ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు కూడా అక్కడే ఉంది: ఆ పని ఇంకా కళ్లకు కనబడే చోటికి వెళ్లాలి.

విహారం కోసమే ఓడ ఎక్కడం పందొమ్మిదో శతాబ్దపు అలవాటు. 1844లో పీ అండ్ ఓ కంపెనీ మధ్యధరా సముద్రంలో అలాంటి ప్రయాణాలు మొదలుపెట్టి, నవలాకారుడు థాకరేకు ఉచితంగా చోటిచ్చి, పుస్తకం రాయించుకుంది. 1891 జనవరిలో హాంబర్గ్ కంపెనీకి చెందిన ఆల్బర్ట్ బాలిన్, చలికాలంలో అట్లాంటిక్ దాటే జనం లేక ఖాళీగా పడివుండే 'ఆగస్టా విక్టోరియా'ను 241 మందితో మధ్యధరా వైపు పంపాడు. లాభం కళ్లజూశాక, విహారం కోసమే 'ప్రిన్సెస్సిన్ విక్టోరియా లూయిసె' అనే ఓడను కట్టించాడు. అది 1906 డిసెంబరులో జమైకా దగ్గర నేలకెక్కి ధ్వంసమైపోయింది. ప్రయాణికులంతా బతికారు, కెప్టెన్ మాత్రం ఆ రాత్రే తన గదిలో కాల్చుకొని చనిపోయాడు.

జర్మన్ల ఓడలు రాకముందే జమైకాకు యాత్రికులను తెచ్చినవి అరటిగెలలు. లోరెంజో డౌ బేకర్ అనే అమెరికన్ నావికుడు 1870లో జమైకా నుంచి గెలలు తీసుకెళ్లి అమ్మి లాభపడ్డాడు. ఏడాది తిరక్కుండానే పోర్ట్ ఆంటోనియో రేవు అరటి ఎగుమతికి కేంద్రంగా మారడం మొదలైంది. 1899లో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ ఏర్పడింది. ఎండ వేడికి కాయ పండిపోకుండా ఆ కంపెనీ తన ఓడలకు తెల్లరంగు వేయించింది. పైన యాత్రికులకు గదులు, కింద గెలలకు చల్లటి కొట్లు. బోస్టన్, న్యూయార్క్, న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చినవాళ్లు, గెలలు ఎక్కుతున్నంతసేపూ ఊరు చూసేవారు. పోర్ట్ ఆంటోనియో కొండ మీద బేకర్ కట్టిన టిచ్‌ఫీల్డ్ హోటల్ వీళ్లకోసమే. ఓడ ఎంతసేపు ఆగాలో నిర్ణయించింది అరటి. యాత్రికుడు ఆ అరటి వేళలకు సర్దుకున్నాడు.

అరటి తోటల నుంచి గెలలు రేవుకు చేరడానికి దగ్గరి దారి రియో గ్రాండే నది. వెదురు బొంగులు కట్టిన పొడవాటి తెప్పల మీద గెలలు వేసుకొని, గెడకర్రతో నెట్టుకుంటూ తెప్పవాళ్లు దిగువకు వచ్చేవారు. 1940ల చివర్లో పోర్ట్ ఆంటోనియోలో మకాం పెట్టిన హాలీవుడ్ నటుడు ఎరల్ ఫ్లిన్ ఆ తెప్పల మీద సరదాగా తిరగడం, మిత్రులను తిప్పడం మొదలుపెట్టాడు. గెలలు కూర్చున్న చోట ఇద్దరు మనుషులు పట్టే బల్ల వచ్చింది. నేటికీ జమైకాలో పేరున్న విహారాల్లో అదొకటి. తెప్ప అదే, నది అదే, గెడకర్ర పట్టిన చేతి నేర్పూ అదే. ఉష్ణమండల రేవుల్లో యాత్రికుడు చేయదగిన పనుల జాబితా నన్ను రాయమంటే మొదట దీన్నే రాస్తాను.

ఆ కాలపు యాత్రికుల ఆసక్తి బీచ్‌ల మీద అంతగా లేదు. ఎండకు ముఖం నల్లబడటం దొరలకు, దొరసానులకు గిట్టేది కాదు. వాళ్లు చూడబోయినవి పెద్ద పనులు, పెద్ద ప్రమాదాలు. పనామా కాలువ తవ్వుతున్నప్పుడు కోలన్ రేవులో దిగి, రైలెక్కి కులెబ్రా కొండను చీలుస్తున్న ఆవిరి యంత్రాలను చూసి వచ్చేవారు; ఇందుకోసం అక్కడి అధికారులు ప్రత్యేకంగా రైళ్లు కూడా నడిపారు. 1902 మే 8న మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం పేలి సెయింట్ పియెర్ పట్టణాన్ని నిమిషాల్లో బూడిద చేసింది. సుమారు 28,000 మంది చనిపోయారు. ఆ శిథిలాలు తర్వాతి ఏళ్లలో ఓడలు ఆగే చోటయ్యాయి. ఇంతమంది సమాధి మీద విహారమేమిటని మనసు ఎదురు తిరుగుతుంది. అయినా ఆ గోడల మధ్య నడిచినవాడికి ఒక ఊరు అంటే ఏమిటో, దాన్ని పోగొట్టుకోవడమంటే ఏమిటో కొంతైనా తెలిసి ఉంటుందని నమ్ముతాను.

ఇక సుదీర్ఘ ప్రయాణాల సంగతి. 1909 అక్టోబరులో 'క్లీవ్‌లాండ్' అనే ఓడ సుమారు 650 మందితో న్యూయార్క్ నుంచి తూర్పుగా బయలుదేరి బొంబాయి, కొలంబో, రంగూన్‌ల మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. పనామా కాలువ ఇంకా తెరుచుకోలేదు కాబట్టి చివరి అంచె రైల్లోనే. ఒకే ఓడ మీద భూమిని పూర్తిగా చుట్టివచ్చిన మొదటి విహారయాత్ర 'లకోనియా'ది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ దాన్ని అద్దెకు తీసుకొని 1922 నవంబరులో పంపింది. 22 రేవులు తిరిగి 1923 మార్చి చివర ఇల్లు చేరింది. ఈ ప్రయాణాల్లో ఒడ్డున గడిపే కాలాన్ని గంటల్లో కాక రోజుల్లో లెక్కపెట్టేవారు. బొంబాయిలో దిగి, రైలెక్కి, ఆగ్రాలో తాజ్‌మహల్ చూసి, దేశం అడ్డంగా దాటి కలకత్తాలోనో, కిందికి వచ్చి కొలంబోలోనో మళ్లీ ఓడను అందుకునేవారు. అంత తీరిక లేనివారికి బొంబాయిలో ఎలిఫెంటా గుహలు, కొలంబోలో కాండీ దాకా కొండ రైలు. రేవు రాకముందు సాయంత్రం ఓడ మీద ఒక ఉపన్యాసకుడు ఆ ఊరి చరిత్ర చెప్పేవాడు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది, కానీ చాలా ఓడల్లో అది ఏ దుకాణంలో నగలు కొనాలో చెప్పే సభగా మారిపోవడం బాధ కలిగిస్తుంది.

ఆ రోజుల్లో అన్నిటికంటే చవకైన వినోదం ఓడ పక్కనే దొరికేది. ఏడెన్, కొలంబో, బార్బడోస్ రేవుల్లో కుర్రాళ్లు పడవల్లో వచ్చి, యాత్రికులు విసిరిన నాణేల కోసం నీళ్లలోకి దూకేవారు. నాణెం అడుగుకు చేరకముందే నోట కరుచుకొని పైకి తేలేవారు. పాత యాత్రా కథనాల్లో ఈ దృశ్యం మళ్లీమళ్లీ వస్తుంది. ఆ పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు.

1958 నుంచి జెట్ విమానాలు అట్లాంటిక్‌ను ఏడెనిమిది గంటల్లో దాటించేసరికి ప్రయాణికుల ఓడలకు పని పోయింది. వాటికి రెండో జన్మ మయామీలో దొరికింది. 1966 డిసెంబరులో టెడ్ ఆరిసన్, నట్ క్లోస్టర్ కలిసి 'సన్‌వార్డ్'ను బహామాస్‌కు నడిపారు. 1970లో రాయల్ కరీబియన్ వారి 'సాంగ్ ఆఫ్ నార్వే' వచ్చింది. 1972లో ఆరిసన్ సొంతంగా కార్నివాల్ పెట్టాడు. ఇక్కడే అసలు మలుపు. ఇక బొగ్గూ లేదు, అరటీ లేదు. ఓడ యాత్రికుడి కోసమే ఆగుతోంది. అలాంటప్పుడు ఎక్కువసేపు ఆగాలి కదా? జరిగింది తలకిందులు. వారం తిరిగేసరికి బయలుదేరిన రేవుకే రావాలి, మధ్యలో వీలైనన్ని దీవులు చూపించాలి. పైగా రేవులో ఉన్నంతసేపు ఓడలోని క్యాసినో మూసి ఉంచాలి. పొద్దున ఎనిమిదికి దిగడం, సాయంత్రం ఐదుకల్లా ఎక్కడం స్థిరపడిపోయింది. ఏం చేయాలో ఎంచుకోవడం ఒక పెద్ద సమస్యగా మారింది అప్పటి నుంచే. నాలుగు రోజులున్నవాడికి ఎంపికతో పనేముంది?

ఆ ఎనిమిది తొమ్మిది గంటల్లో ఇమిడే వినోదాలు కావలసి వచ్చాయి. జమైకాలోని ఓచో రియోస్‌ అప్పట్లో బాక్సైట్ ఖనిజం ఎగుమతి చేసే రేవు. ఖనిజం కోసం కట్టిన జెట్టీకే క్రూయిజ్ ఓడలూ వచ్చాయి. పక్కనే సముద్రంలోకి దూకే డన్స్ రివర్ జలపాతం. దాదాపు 180 మీటర్ల పొడవునా మెట్లుమెట్లుగా ఉన్న ఆ రాళ్ల మీద, గైడ్ వెనకాల ఒకరి చేయి ఒకరు పట్టుకొని గొలుసుగా పైకి ఎక్కడం కరీబియన్ విహారానికి గుర్తుగా మారింది. బహామాస్ రేవు నాసౌలో 1938 ప్రాంతంలో తెగులు సోకి స్పాంజి పరిశ్రమ కుప్పకూలాక, చాలామంది ఆడవాళ్లు ఆకు, గడ్డి అల్లికలు అమ్ముకొని ఇల్లు నడిపారు. ఇవాళ యాత్రికులు తప్పక చూసే అల్లికల బజారు పెరిగింది ఆ కష్టంలోంచే. గ్రాండ్ కేమన్ దీవిలో జాలర్లు నీళ్లు నిశ్చలంగా ఉండే ఇసుక మేట దగ్గర చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు నీళ్లలో వేసేవారు. వాటికోసం టేకు చేపలు గుంపులుగా చేరేవి. 1980ల్లో గజ ఈతగాళ్లు దాన్ని బయటపెట్టారు. జాలరి వదిలేసిన పేగులకు అలవాటుపడ్డ చేపలను ఇప్పుడు వేలాదిమంది నడుంలోతు నీళ్లలో నిలబడి తాకి చూస్తున్నారు. తీగ మీద జారుతూ అడవి దాటే జిప్‌లైన్‌కు సైతం ఇలాంటి మూలమే: 1970ల్లో కోస్టారికాలో చెట్ల చిటారు కొమ్మల జీవజాలాన్ని చదవడానికి డొనాల్డ్ పెర్రీ అనే శాస్త్రవేత్త తాళ్లు కట్టాడు. ఆ తాళ్ల దారిలోనే తర్వాత వ్యాపారం నడిచింది.

ఆ తర్వాత కంపెనీలు ఊరినే పక్కన పెట్టడం నేర్చాయి. 1977లో నార్వేజియన్ కరీబియన్ లైన్ బహామాస్‌లోని గ్రేట్ స్టిరప్ కే అనే చిన్న దీవిని తన యాత్రికుల కోసం తీసుకుంది. 1986లో రాయల్ కరీబియన్ హైతీ తీరంలోని లాబడీని లీజుకు తీసుకొని కంచె వేసింది. 1998లో డిస్నీ తన దీవిని తెరిచింది. 2019లో కోకోకే అనే మరో దీవి నీటి జారుడుబల్లలతో, గాలి బుడగతో వినోదాల పార్కయిపోయింది. ఇసుక శుభ్రంగా ఉంటుంది, భోజనం ఓడదే, గొడవ లేదు, మోసం లేదు. చిన్నపిల్లలున్నవాళ్లు, కాళ్ల నొప్పులతో పెద్దవాళ్లు అక్కడ హాయిగా ఉంటారు, వాళ్లను తప్పుపట్టను. కానీ 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చి లక్షల మంది నిలువ నీడ లేకుండా పోయిన మూడు నాలుగు రోజులకే లాబడీ కంచె లోపల యాత్రికులు ఈత కొట్టారు. సహాయ సామగ్రి కూడా ఆ ఓడల్లోనే వచ్చిందన్నది నిజం. మనం కాలు పెట్టింది ఏ దేశమో మరచిపోయేలా ఒక రేవును కట్టవచ్చని మాత్రం ఆ రోజు లోకానికంతటికీ తెలిసింది.

ఎంపికలో డబ్బు, భద్రత కూడా కలిసే ఉంటాయి. ఓడలో అమ్మే విహారం ధరలో కంపెనీ వాటా ఉంటుంది. రేవు బయట వ్యాన్ మాట్లాడుకుంటే చవక. కానీ ఓడ తాను అమ్మిన విహారానికి వెళ్లినవాళ్ల కోసమే ఆగుతుంది. 2024 మార్చిలో ఆఫ్రికా తీరంలోని సావో తోమే దీవిలో సొంతంగా ఊరు చూడబోయిన ఎనిమిది మందిని వదిలి 'నార్వేజియన్ డాన్' వెళ్లిపోయింది. వాళ్లు దేశాలు దాటుకుంటూ సెనెగల్‌లో దాన్ని అందుకోవలసి వచ్చింది. అలాగని ఓడ అమ్మిందల్లా క్షేమమనీ అనలేం. ఉష్ణమండలం కాకపోయినా న్యూజిలాండ్ వైట్ ఐలాండ్ ఘటన ఇక్కడ చెప్పక తప్పదు: 2019 డిసెంబరు 9న అగ్నిపర్వతం పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు, 22 మంది చనిపోయారు. ఆ 47 మందిలో 38 మంది ఒకే క్రూయిజ్ ఓడ నుంచి విహారానికి వచ్చినవాళ్లు.

రేవు ప్రజలకూ ఎంపిక ఉంటుందని ఈ మధ్యనే గట్టిగా వినబడుతోంది. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలకు జెట్టీ లేదు. దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో దిగాలి. జెట్టీ కట్టాలా అని 2025 ఏప్రిల్‌లో అడిగితే జనం వద్దన్నారు.

నెలల తరబడి సాగే ఉష్ణమండల ప్రయాణంలో బీచ్‌లన్నీ మూడో వారానికి ఒకేలా అనిపిస్తాయి. అందుకే ప్రతి రేవుకూ ఒక విహారం కొనేయకుండా, ఎండ నెత్తికెక్కకముందు కాలినడకన చూడగలిగిన ఒక్క చోటును ఎంచుకొమ్మంటాను. తెలుగువాళ్లకైతే మారిషస్‌లో వెతుక్కోనక్కరలేదు. పోర్ట్ లూయిస్ రేవు ప్రాంతంలోనే ఆప్రవాసి ఘాట్ ఉంది. 1834 నుంచి దాదాపు అయిదు లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ రేవు మీదుగానే చెరకు తోటలకు వెళ్లారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ కూలీల్లో మన తీరం నుంచి వెళ్లినవాళ్లున్నారు. మారిషస్‌లో తెలుగువాళ్లను చాలాకాలం కోరంగి రేవు పేరుతోనే పిలిచారు. ఘాట్‌లోని పదహారు మెట్లు ఎక్కడానికి ఎవరికీ సమయం చాలకపోదు. మధ్యాహ్నం బీచ్‌కు వెళ్లినా సరే, పొద్దున మాత్రం అక్కడికి వెళ్లి రావాలి.

మన విశాఖపట్నమూ ఇప్పుడు ఈ లెక్కలో చేరింది. మాంగనీసు ఖనిజం ఎగుమతి ఆశతో 1933లో తెరిచిన ఆ రేవులో 2023లో క్రూయిజ్ టెర్మినల్ మొదలైంది. ఓడ దిగినవాళ్లకు ఏం చూపించాలని అడిగితే అరకు, బొర్రా గుహలు అనేస్తున్నారు. రానూపోనూ రోడ్డు మీదే సగం రోజు పోతుంది. ఓడ లోపలికి వచ్చే కాలువ గట్టునే చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న మూడు కొండలున్నాయి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. రేవు పక్కనే చేపల హార్బర్ ఉంది, తెల్లవారుజామున బోట్లు తిరిగొచ్చేసరికి వేలం మొదలవుతుంది. ఓడ ఆరింటికల్లా తీరానికి చేరితే యాత్రికులను ముందు అక్కడికే తీసుకెళ్లాలి.