భుజం మీది నక్షత్రాలు

మూడు నక్షత్రాలు కనపడితే సీఐ గారా, డీఎస్పీ గారా అని చాలామంది తికమకపడతారు. భుజం పట్టీ అంచు చూడండి. ఎరుపు, నీలం రంగుల రిబ్బను ఉంటే ఇన్‌స్పెక్టర్, లేకపోతే డీఎస్పీ. ఆ రిబ్బనుతోనే రెండు నక్షత్రాలుంటే ఎస్సై, ఒక్కటే అయితే ఏఎస్సై. ఎస్పీకి రిబ్బను ఉండదు, సింహాల చిహ్నంతో పాటు ఒక నక్షత్రం ఉంటుంది. తెల్లదొరల కాలంలో ఆ సింహాల చోట కిరీటం ఉండేది.

ఈ గుర్తులు దేశమంతటా దాదాపు ఇవే. ఊరు మారితే పిలుపు మారుతుంది. అనంతపురంలో డీఎస్పీ అనిపించుకునే అధికారి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో అవే మూడు నక్షత్రాలతో ఏసీపీ, అంటే అసిస్టెంట్ కమిషనర్. ఈ తేడాకు మూలం కంపెనీ పాలనలో ఉంది. 1856లో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు పోలీసు కమిషనర్లను పెట్టారు. జిల్లాల దారి వేరు. 1861 పోలీసు చట్టం అక్కడ ఎస్పీని కూర్చోబెట్టి, పైన మేజిస్ట్రేటు అజమాయిషీ ఉంచింది. మన కోస్తా, సీమ జిల్లాలున్న మద్రాసు రాజ్యానికి అంతకు రెండేళ్ల ముందే సొంత పోలీసు చట్టం వచ్చింది.

నిజాం రాజ్యంలో పేర్లే వేరు. హైదరాబాద్ నగర పోలీసు పెద్దను కొత్వాల్ అనేవారు. రాజాబహదూర్ వెంకటరామారెడ్డి ఆ పదవిలో ఉండి పేరు తెచ్చుకున్నవారే. ఠాణాలో ఎస్సై స్థాయి అధికారి అమీను. రాజ్యం పోయి డెబ్బై ఏళ్లు దాటినా, తెలంగాణ పెద్దల మాటల్లో ‘అమీన్ సాబ్’ ఇంకా వినిపిస్తాడు. చరిత్ర రాసేవాళ్లు ఇలాంటి పిలుపులను పట్టించుకోవాలని నా గట్టి కోరిక. ఏ ప్రాంతాన్ని ఎవరు ఏలారో గెజిట్ల కన్నా ఇవే తేటగా చెబుతాయి.

కలకత్తాలో సార్జెంటు అనే హోదా ఇంకా ఉంది, అక్కడి నగర పోలీసులు తెల్ల దుస్తుల్లో తిరుగుతారు. మహారాష్ట్రలో ఎస్సైకీ ఇన్‌స్పెక్టర్‌కీ నడుమ అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ అని ఇంకో మెట్టుంది. వీటన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది మన గోదావరి ఒడ్డునే ఉన్న యానాం. 1954 దాకా అది ఫ్రెంచి వారి ఏలుబడి. ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. ఆ పుదుచ్చేరి కానిస్టేబుళ్లు పెట్టుకునే ఎర్రని గుండ్రటి కెపీ టోపీ ఫ్రెంచి పోలీసుల నుంచి వచ్చిందే.