నమూనా రైళ్ల సేకరణ: కొనే ముందు తెలుసుకోవలసినవి

అసలు రైలు ఇంజిన్లను, పెట్టెలను, పట్టాలను, స్టేషన్లను ఒక నిర్దిష్ట నిష్పత్తిలో కుదించి తయారుచేసే ప్రతిరూపాలను నమూనా రైళ్లు అంటారు. నిష్పత్తి పాటింపే వీటిని పిల్లల ఆట రైళ్ల నుంచి వేరుచేస్తుంది. ఆట రైలు చూడగానే రైలులా కనిపిస్తే చాలు. నమూనా రైలులో మాత్రం చక్రాల వ్యాసం, కిటికీల మధ్య ఎడం, రంగులు, బండి సంఖ్య వరకు అసలు బండితో సరిపోలాలి. ఈ కచ్చితత్వం వల్లనే ఒక్కో ఇంజిను ధర వేల రూపాయల్లో, కొన్నిసార్లు పదుల వేలల్లో ఉంటుంది. వ్యవస్థల మధ్య తేడా తెలియకుండా కొన్న వస్తువులు ఒకదానితో ఒకటి కలవవు. భారతదేశంలోని కొనుగోలుదారుకు దిగుమతి సుంకం, విడిభాగాల కొరత, ఉక్కపోత వాతావరణం అదనపు సమస్యలు. అందువల్ల ఈ అభిరుచిలో తొలి పెట్టుబడి సమాచారమే.

బొమ్మ నుంచి నమూనా దాకా

జర్మనీలోని గోపింగెన్ పట్టణంలో 1859లో మొదలైన మార్క్లిన్ సంస్థ తొలుత బొమ్మరిళ్లకు కావలసిన రేకు సామాను తయారుచేసేది. 1891లో లైప్జిగ్ వాణిజ్య ప్రదర్శనలో ఆ సంస్థ కీ ఇస్తే నడిచే రైలును, దానితోపాటు నిర్ణీత కొలతలు గల పట్టాలను ప్రదర్శించింది. రైలును ఒకసారి కొని ఊరుకోకుండా పట్టాలు, పెట్టెలు, స్టేషన్లు విడివిడిగా కొని పెంచుకుంటూ పోయే పద్ధతి దీనితో స్థిరపడింది. అమెరికాలో 1900లో లయొనెల్ సంస్థ మొదలైంది. బ్రిటన్‌లో మెకానో రూపకర్త ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైళ్ల తయారీకి దిగాడు. 1938లో ఆ సంస్థ ‘హార్న్‌బీ డబ్లో’ పేరుతో బల్లమీద పట్టేంత చిన్న రైళ్లను మార్కెట్లోకి తెచ్చింది. సంస్థల మధ్య కొలతల్లో పొంతన లేకపోవడంతో ప్రమాణాల కోసం అమెరికాలో 1935లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, యూరప్‌లో 1954లో మోరోప్ సమాఖ్య ఏర్పడ్డాయి.

స్కేలు, గేజి ఒకటి కావు

కొత్తగా వచ్చేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. స్కేలు అంటే అసలు బండితో పోలిస్తే నమూనా ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే నిష్పత్తి. గేజి అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. ఒకే గేజి పట్టాలమీద వేర్వేరు స్కేళ్ల బండ్లు నడవవచ్చు.

ప్రపంచంలో అత్యంత ప్రాచుర్యం గలది హెచ్‌ఓ. దీని నిష్పత్తి 1:87, గేజి 16.5 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో వాడే డబుల్ ఓ నిష్పత్తి 1:76.2 అయినా గేజి మాత్రం అదే 16.5 మిల్లీమీటర్లు. బ్రిటిష్ ఇంజిన్లు యూరప్ ప్రధాన భూభాగపు ఇంజిన్ల కంటే చిన్నవి కావడంతో 1:87లో కుదిస్తే ఆనాటి మోటార్లు వాటిలో ఇమిడేవి కావు. అందుకని బండి పరిమాణాన్ని పెంచి, పట్టాలను ఉన్నట్టే ఉంచారు. ఆ సర్దుబాటు నేటికీ కొనసాగుతోంది.

చోటు తక్కువగా ఉన్నవారికి ఎన్ స్కేలు అనువైనది. దాని గేజి 9 మిల్లీమీటర్లు. నిష్పత్తి యూరప్, అమెరికాల్లో 1:160, బ్రిటన్‌లో 1:148, జపాన్‌లో సాధారణంగా 1:150. మార్క్లిన్ 1972లో తెచ్చిన జెడ్ స్కేలు 1:220 నిష్పత్తిలో ఉంటుంది. మరోవైపు 1968లో వచ్చిన ఎల్‌జీబీ రైళ్లు 45 మిల్లీమీటర్ల గేజిపై నడుస్తాయి. వీటిని పెరటి తోటల్లో కూడా పరుస్తారు.

చోటు లెక్క ముందే చూసుకోవాలి. హార్న్‌బీ పట్టాల్లో రెండవ శ్రేణి వంపు వ్యాసార్ధం 438 మిల్లీమీటర్లు. పూర్తి వలయం వేయాలంటే బల్ల వెడల్పు దాదాపు ఒక మీటరు ఉండాలి. ఎన్ స్కేలులో 60 నుంచి 70 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది.

భారతీయ రైళ్లతో వచ్చే చిక్కు

మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. ప్రపంచంలో విస్తృతంగా వాడే స్టాండర్డ్ గేజి 1,435 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ పట్టాల 16.5 మిల్లీమీటర్ల వెడల్పు ఈ స్టాండర్డ్ గేజికి సరిపోయేలా నిర్ణయించినది. భారతీయ బ్రాడ్ గేజిని 1:87లో కుదిస్తే దాదాపు 19.3 మిల్లీమీటర్లు రావాలి. అంత వెడల్పు పట్టాలు దుకాణాల్లో సిద్ధంగా దొరకవు. కాబట్టి భారతీయ నమూనాలు చేసేవారిలో ఎక్కువమంది 16.5 మిల్లీమీటర్లతోనే సర్దుకుంటారు. ఎదుటి నుంచి చూస్తే చక్రాలు కాస్త దగ్గరగా కనిపిస్తాయి. కొలతలో రాజీపడనివారు పట్టాలను స్వయంగా పరుచుకుంటారు, ఇరుసులను మార్చుకుంటారు.

మీటర్ గేజి విషయంలో పరిస్థితి కొంత నయం. 1:87లో అది దాదాపు 11.5 మిల్లీమీటర్లు అవుతుంది. స్విట్జర్లాండ్‌లోని రేషియన్ రైల్వే మీటర్ గేజిది కావడంతో ఆ నమూనాల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు మార్కెట్లో ఉన్నాయి. గుంటూరు–గుంతకల్లు, సికింద్రాబాద్–మన్మాడ్ మార్గాలు ఒకప్పుడు మీటర్ గేజివే. 1992లో మొదలైన ఏక గేజి పథకం తరువాత దేశంలోని మీటర్ గేజి మార్గాలు దాదాపుగా కనుమరుగయ్యాయి. ఆ బండ్లను చూసిన తరానికి వాటి రూపాన్ని మూడు కొలతల్లో మళ్లీ చూపగలిగే సాధనాల్లో నమూనా ఒకటి. ఛాయాచిత్రం ఇవ్వలేని ఎత్తు, వెడల్పుల అంచనా అందులో దొరుకుతుంది.

భారతీయ ఇంజిన్లు, పెట్టెలు విదేశీ పెద్ద సంస్థల జాబితాల్లో అరుదు. స్వదేశంలో అభిరుచిపరులు, చిన్న తయారీదారులు త్రీడీ ముద్రణతో పైభాగాన్ని తయారుచేసి, దిగుమతి చేసుకున్న చట్రంపై అమర్చుతున్నారు. కొన్నిచోట్ల అసలు ఇంజిన్ల వంశవృక్షం కూడా తోడ్పడుతుంది. ఉదాహరణకు డబ్ల్యూడీజీ-4 డీజిల్ ఇంజినుకు మూలం అమెరికాలోని ఈఎండీ సంస్థ రూపొందించిన జీటీ46 శ్రేణి. అందువల్ల ఆరు ఇరుసుల అమెరికన్ ఇంజిను నమూనా నుంచి తీసిన చట్రంతో పని మొదలుపెట్టవచ్చు.

పొడవు మరో సమస్య. నేటి ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు దాదాపు 24 మీటర్లు. 1:87లో అది 27 సెంటీమీటర్లు దాటుతుంది. 22 పెట్టెల బండి ఒక్కటే ఆరు మీటర్లు ఆక్రమిస్తుంది. అదే బండి ఎన్ స్కేలులో సుమారు 3.3 మీటర్లు. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1997లో పూర్తయిన కమాను వంతెనలో 28 కమానులున్నాయి. ఒక్కొక్కటి దాదాపు 97.5 మీటర్లు. హెచ్‌ఓలో ఒక్క కమానుకే 112 సెంటీమీటర్లు, మొత్తం వంతెనకు 31 మీటర్లకు పైగా చోటు కావాలి. అందుకే నమూనాకారులు మూడు నాలుగు కమానులతోనే ఆ వంతెనను స్ఫురింపజేస్తారు. పెట్టెలను కూడా ఏడెనిమిదికి తగ్గిస్తారు. ఏది ఉంచాలో, ఏది వదలాలో నిర్ణయించడమే ఈ కళలో ప్రధానాంశం.

విద్యుత్తు వ్యవస్థలు

సాధారణ పద్ధతిలో రెండు పట్టాల ద్వారా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఇంజినుకు అందుతుంది. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ధ్రువాలు మారిస్తే దిశ మారుతుంది. ఒకే పట్టాలపై రెండు ఇంజిన్లు ఉంటే రెండూ ఒకేసారి కదులుతాయి. డిజిటల్ పద్ధతిలో పట్టాలపై విద్యుత్తు ఎల్లప్పుడూ ఉంటుంది, దానితోపాటే ఆదేశాలు వెళ్తాయి. ప్రతి ఇంజినులోని డీకోడరు తన సంఖ్యకు వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి ఆధారంగా 1990లలో ఈ డీసీసీ ప్రమాణం ఖరారైంది.

మార్క్లిన్ హెచ్‌ఓ వ్యవస్థ వీటికి భిన్నం. అందులో రెండు పట్టాలు ఒకే ధ్రువం, రెండవ ధ్రువం మధ్యలోని చిన్న మొలల ద్వారా అందుతుంది. గేజి ఒకటే అయినా మార్క్లిన్ ఇంజినును రెండు పట్టాల వ్యవస్థపై నేరుగా నడపరాదు. మార్క్లిన్ పెట్టెల చక్రాలకు విద్యుత్ నిరోధం లేనందున వాటిని అక్కడ పెడితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. చౌకగా దొరికిందని ఒక వ్యవస్థ పట్టాలు, మరో వ్యవస్థ ఇంజిను కొన్నవారికి రెండూ అక్కరకు రావు.

పెట్టెపై ‘డీసీసీ రెడీ’ అని ఉంటే డీకోడరు అమర్చుకునే సాకెట్ మాత్రమే ఉన్నట్టు. ‘డీసీసీ ఫిట్టెడ్’ అని ఉంటే డీకోడరు కూడా ఉన్నట్టు. సాకెట్లు 8 పిన్నులు, 21 పిన్నులు, నెక్స్ట్18 వంటి రకాల్లో ఉంటాయి కాబట్టి డీకోడరు కొనేముందు ఇంజినుతో వచ్చిన పత్రం చూడాలి.

పాతవి కొనేటప్పుడు

పాత నమూనాల ధరను నిర్ణయించేవి అరుదుదనం, స్థితి, అసలు అట్టపెట్టె. తిరిగి రంగు వేసినవి, కొత్తగా ముద్రించిన పెట్టెలో పెట్టి అమ్మేవి ఉంటాయి. అంచుల్లో రంగు మందం, అక్షరాల ముద్రణ, మరల అరుగుదల గమనిస్తే కొంతవరకు తెలుస్తుంది. అదే నమూనాను సంస్థ మళ్లీ విడుదల చేస్తే పాతదాని ధర పడిపోవచ్చు. అందువల్ల నమూనా రైళ్లను పెట్టుబడిగా భావించడం క్షేమకరం కాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది జింక్ పెస్ట్ అనే లోహపు తెగులు. పోతపోసిన జింక్ మిశ్రమంలో సీసం వంటి మాలిన్యాలు కలిసినప్పుడు లోహపు రేణువుల మధ్య క్షయం మొదలవుతుంది. చట్రం ఉబ్బుతుంది, వంగుతుంది, పగుళ్లు పట్టి చివరికి పొడి అవుతుంది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందువాటిలో ఇది తరచు కనిపిస్తుంది. ఇటీవలి దశాబ్దాల తయారీలోనూ కొన్ని విడతల్లో బయటపడింది. తేమ, వేడి దీన్ని వేగవంతం చేస్తాయి. మొదలైన తరువాత ఆపే మార్గం లేదు, చట్రాన్ని మార్చుకోవడమే గతి. అయితే ఒక వస్తువు నుంచి మరొకదానికి ఇది అంటదు. కొనేముందు చట్రం అడుగుభాగం ఛాయాచిత్రం అడగాలి. వెంట్రుకవాసి పగుళ్లు, వంగిన చివరలు, బిగుసుకున్న చక్రాలు కనిపిస్తే వెనుకాడాలి. పాత రేకు రైళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నందున వాటిని చిన్నపిల్లల చేతికి ఇవ్వరాదు.

సుంకాలు, నాణ్యతా ముద్ర

సుంకాల పట్టికలో బొమ్మల శీర్షికలోనే స్కేలు నమూనాలు కూడా ఉన్నాయి. బొమ్మలపై మూల దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెంచింది. వ్యాపారులు దిగుమతి చేసి అమ్మే నమూనాల ధరల్లో ఈ భారం ప్రతిఫలిస్తుంది. వ్యక్తిగత అవసరానికి తపాలా, కొరియర్ ద్వారా తెప్పించుకునే వస్తువులకు వేరే శీర్షిక, వేరే రేటు ఉన్నాయి. ఇవి బడ్జెట్లలో మారుతుంటాయి కాబట్టి ఆర్డరు పెట్టేనాటి రేటు చూసుకోవాలి. రవాణా ఖర్చు, పన్నులు కలిపి లెక్కించాకే విదేశీ ధరను స్వదేశీ ధరతో పోల్చాలి.

పద్నాలుగేళ్లలోపు పిల్లల కోసం ఉద్దేశించిన బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి. పిల్లల కోసం రైలు సెట్టు కొనేవారు ఈ ముద్రను చూడాలి.

కొత్త నమూనాలను సంస్థలు పరిమిత విడతల్లో, ముందస్తు ఆర్డర్ల ఆధారంగా తయారుచేస్తాయి. విడత అయిపోతే విడిభాగాలు దొరకడం కష్టం. మరమ్మతుకు ఎక్కడికి పంపాలో, మోటారు, గేర్లు విడిగా అమ్ముతారో లేదో కొనుగోలుకు ముందే విచారించాలి.

సంరక్షణ

ఉక్కు పట్టాలు తుప్పు పడతాయి. ఇత్తడి పట్టాలపై ఏర్పడే పొర విద్యుత్తును అడ్డుకుంటుంది. సముద్రతీర ప్రాంతాల్లో నికెల్ సిల్వర్ పట్టాలే మేలు. పట్టాలను, చక్రాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. నూనె ప్లాస్టిక్‌కు హాని చేయనిదై ఉండాలి, అదీ చుక్కకు మించరాదు. కొన్ని పెట్టెల్లోని స్పాంజి ఏళ్లు గడిచాక జిగురుగా మారి రంగును పాడుచేస్తుంది కనుక నమూనాను ఆమ్లరహిత కాగితంలో చుట్టడం మంచిది. ఎండ తగిలే అద్దాల బీరువా, వేడెక్కే అటక రెండూ పనికిరావు. నెలలపాటు కదలని ఇంజినులో నూనె గట్టిపడుతుంది కాబట్టి అప్పుడప్పుడు కొన్ని నిమిషాలు నడపాలి.

ఎక్కడ చూడవచ్చు

కొనేముందు నడుస్తున్న నమూనాలను చూడటం ఉపయోగకరం. పుణెలోని కోథ్రూడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి సందర్శకులకు అందుబాటులో ఉంది. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో ప్రారంభమైన మినియాటూర్ వండర్‌లాండ్ ఈ రంగంలో ప్రపంచ ప్రసిద్ధం. అసలు బండ్ల కొలతలు, వివరాలు తెలుసుకోవడానికి 1977లో ప్రారంభమైన న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం తోడ్పడుతుంది.

సేకరణ జాబితా

ప్రతి సేకర్త ఒక జాబితా నిర్వహించాలి. సంస్థ పేరు, నమూనా సంఖ్య, స్కేలు, కొన్న తేదీ, చెల్లించిన ధర, డీకోడరు సంఖ్య, మరమ్మతుల వివరాలు, ఛాయాచిత్రం అందులో ఉండాలి. బీమాకు, అమ్మకానికి మాత్రమే కాదు, వారసులకూ ఇది అవసరం. జాబితా లేని సేకరణ కుటుంబసభ్యుల కళ్లకు బొమ్మల మూటే. అరుదైన ఇంజిను ఏదో, సాధారణమైనది ఏదో తెలియక అన్నిటినీ కలిపి కారుచౌకగా ఇచ్చేస్తారు. చేతితో తయారుచేసిన భారతీయ నమూనాల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. వాటికి సంస్థ జాబితాలు, సంఖ్యలు ఉండవు. ఏ బండిని, ఏ కాలంలో, ఏ మార్గంలో నడిచినదాన్ని చూసి చేశారో తయారీదారు రాసిపెట్టిన ఒక్క చీటీయే దాని ఆనవాలు. ఆ చీటీని నమూనాతోపాటే పెట్టెలో ఉంచాలి.