చివరి యూనిట్ ఖరీదు: కరెంటు, గ్యాస్ బిల్లులు ఎందుకు పెరుగుతాయి, ఎక్కడ తగ్గించుకోవచ్చు?

తెలంగాణలో ఒక ఇల్లు నెలకు 200 యూనిట్ల కరెంటు వాడితే ఎనర్జీ చార్జీ రూ.820. అదే ఇల్లు 201 యూనిట్లు వాడితే రూ.1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70. రేట్లేమీ పెరగలేదు. మీటరు ఒక గీత దాటింది, అంతే.

ఇంటి ఖర్చులో కరెంటు, వంటగ్యాస్ వాటా చూడ్డానికి చిన్నదే. 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఇంధనం, వెలుతురు కలిపి గ్రామీణ కుటుంబాల ఖర్చులో 6.66 శాతం, పట్టణ కుటుంబాల ఖర్చులో 6.26 శాతం. కానీ కూరగాయల ధర పెరిగితే ఓ రెండు రోజులు పచ్చడితో సర్దుకోవచ్చు. వేసవిలో ఫ్యాను ఆపడం, పొయ్యి వెలిగించకపోవడం కుదరదు. అందుకే ఈ బిల్లు పెరిగినప్పుడు కోత పడేది వేరేచోట: పాలు, పండ్లు, పిల్లల ట్యూషన్, మందులు.

ఈ భారాన్ని తగ్గించుకోవాలంటే ముందు బిల్లు ఎలా తయారవుతుందో తెలియాలి. మొత్తం వాడకం ఎంత అన్నదాని కన్నా, చివరి యూనిట్లు ఏ శ్లాబులో పడుతున్నాయన్నదే ముఖ్యం.

బిల్లులో ఏముంటుంది?

ఇళ్లకు వచ్చే కరెంటు బిల్లులో ప్రధానంగా నాలుగు పద్దులుంటాయి. వాడిన యూనిట్లకు వేసేది ఎనర్జీ చార్జీ. వాడినా వాడకపోయినా, కనెక్షన్ తీసుకున్న లోడును బట్టి కిలోవాట్‌కు ఇంత అని పడేది ఫిక్స్‌డ్ చార్జీ. మీటరు, బిల్లింగ్ ఖర్చుల కింద వసూలు చేసేది కస్టమర్ చార్జీ. రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లేది విద్యుత్ సుంకం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇళ్లకు ఇది యూనిట్‌కు 6 పైసలు. వీటికి తోడు కొన్ని నెలల్లో ఇంధన సర్దుబాటు లేదా ట్రూ అప్ పేరుతో మరో పద్దు కనిపిస్తుంది.

రేట్లను నిర్ణయించేది డిస్కంలు కాదు, ప్రభుత్వమూ కాదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఆ అధికారం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిది. ఏ వర్గానికైనా తక్కువ రేటుకు కరెంటు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే, ఆ సబ్సిడీ సొమ్మును డిస్కంలకు ముందుగానే చెల్లించాలని అదే చట్టంలోని 65వ సెక్షన్ చెబుతోంది.

శ్లాబులు: రెండు రాష్ట్రాలు, రెండు పద్ధతులు

ఎక్కువ వాడేవారు ఎక్కువ రేటు కట్టాలన్నదే శ్లాబుల ఉద్దేశం. దాన్ని అమలు చేసే తీరులోనే తేడా ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లన్నింటికీ ఒకే వరుస పెట్టారు. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లకు రూ.1.90 చొప్పునే పడుతుంది. దీన్ని టెలిస్కోపిక్ విధానం అంటారు. ఇక్కడ బిల్లు మెట్లు ఎక్కినట్టు పెరుగుతుంది. 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ రూ.867, 201వ యూనిట్‌కు మరో ఆరు రూపాయలు, అంతే.

తెలంగాణలో అదే ఏడాది నుంచి అమల్లో ఉన్న పట్టికలో ఇళ్లు మూడు గుంపులు. 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50కి రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10. వాడకం 100 దాటితే మొదటి యూనిట్ నుంచే లెక్క మారి 100 వరకు రూ.3.40, 200 వరకు రూ.4.80 పడుతుంది. 200 దాటితే మళ్లీ మొదటి నుంచి మారుతుంది: 200 వరకు రూ.5.10, 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9, 800 వరకు రూ.9.50, ఆపైన రూ.10. అందుకే ఇక్కడ గీత దాటిన చోట గోడ ఎక్కినట్టుంటుంది. 100 యూనిట్లకు రూ.252.50 అయ్యే చార్జీ 101కి రూ.344.80 అవుతుంది.

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద రేషన్ కార్డున్న అర్హులకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. దాంతో 200 గీత మరింత ఎత్తయింది. ఈ కుటుంబాలకు 200 యూనిట్లకు సున్నా, 201కి మొత్తం బిల్లు. ఉచితం ఇచ్చే ఇతర రాష్ట్రాలు వేరే దారులు పట్టాయి. ఢిల్లీలో 200 వరకు ఉచితం, 201 నుంచి 400 వరకు వాడేవారికి పరిమితితో సగం రాయితీ. తమిళనాడులో రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ప్రతి ఇంటికీ ఉచితం. ఈ రెండు చోట్లా 200 దగ్గర ఒక్క యూనిట్ తేడాతో రాయితీ అంతా ఒకేసారి పోదు.

పాత నెలల బకాయి ఇప్పుడెందుకు?

మండలి ఏడాది మొదట్లో బొగ్గు ధర, కొనుగోలు ఖర్చు అంచనా వేసి రేట్లు ఖరారు చేస్తుంది. అసలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడాను తర్వాత వినియోగదారుల నుంచి వసూలు చేసుకోవచ్చు. 2022లో అంతర్జాతీయ బొగ్గు ధరలు మండిపోయిన సమయంలోనే, ఖరీదైన విదేశీ బొగ్గును కలిపి వాడాలని కేంద్రం థర్మల్ కేంద్రాలను ఆదేశించింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన కేంద్ర నిబంధనలు ఇంధన ఖర్చు తేడాను నెలనెలా బిల్లులో కలిపే దారి తెరిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ నుంచి నెలకు యూనిట్‌కు 40 పైసల వరకు ఇలా వసూలు మొదలైంది. అది చాలక 2022–23 సంవత్సరపు తేడా కింద రూ.6,072 కోట్ల వసూలుకు మండలి అనుమతించింది. అది 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో కనిపించింది. రెండేళ్ల కిందట కాల్చిన బొగ్గుకు ఇప్పుడు డబ్బు కట్టడమంటే ఇదే.

మరో విషయం: ఈ సర్దుబాటు కూడా యూనిట్ల లెక్కనే పడుతుంది. అద్దె ఇళ్లలో తరచూ వచ్చే తగాదా కూడా ఇక్కడిదే. పాత కిరాయిదారు వాడిన కరెంటు బాకీ కొత్తవారి నెలసరి బిల్లులో వస్తుంది.

ఇంట్లో ఎక్కడ తగ్గించవచ్చు?

లైట్ల దగ్గర మిగిలే ఆదా ఇప్పుడు తక్కువే. 2015లో మొదలైన ఉజాలా పథకంతో ఎల్ఈడీ బల్బులు చౌకగా ఇంటింటికీ చేరాయి. ఎక్కువ యూనిట్లు లాగేవి ఫ్యాను, ఫ్రిజ్, ఏసీ, గీజరు.

మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర పనిచేస్తుంది, నెలకు 13.5 యూనిట్లు. ఒక్కో ఫ్యానుకు 20 యూనిట్లు మిగులుతాయి. తెలంగాణలో 260 యూనిట్లు వాడే ఇంట్లో ఇలాంటి ఫ్యాన్లు మూడు మారిస్తే వాడకం 200కు దిగుతుంది. ఎనర్జీ చార్జీ రూ.1,482 నుంచి రూ.820కి తగ్గుతుంది. ఆ కుటుంబం గృహజ్యోతికి అర్హమైతే సున్నా.

ఆంధ్రప్రదేశ్‌లో 300 యూనిట్లు వాడే ఇంటికి ఈ 60 యూనిట్లూ రూ.8.75 శ్లాబులోనివే, నెలకు రూ.525 ఆదా. 75 యూనిట్ల లోపు వాడే ఇంట్లో ఒక ఫ్యాను మారిస్తే మిగిలేది నెలకు అరవై రూపాయల లోపే. ఫ్యాను ఖరీదు రూ.3,000 అనుకుంటే మొదటి ఇంటికి ఏడాదిన్నరలో డబ్బు తిరిగొస్తుంది, రెండో ఇంటికి నాలుగేళ్లు దాటుతుంది. ఒకే ఫ్యాను, ఒకే ఆదా. ఫలితం మాత్రం కలిగిన ఇంటికే ఎక్కువ. ఉజాలా తరహాలో తక్కువ ధరకు ఫ్యాన్లు పంచాలన్న వాదనకు ఆధారం ఇదే.

ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టి, పైన ఫ్యాను మెల్లగా తిప్పడం మేలు. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో అంచనా. 2 కిలోవాట్ల గీజరు అరగంట వేడెక్కితే ఒక యూనిట్. స్నానానికి ముందు వేసి వెంటనే ఆపితే సరిపోయేదాన్ని రోజంతా ఆన్‌లో ఉంచితే నెలకు పదుల యూనిట్లు పోతాయి.

గ్యాస్ బండా? ఇండక్షన్ స్టవ్వా?

మన దేశం వాడే వంటగ్యాస్‌లో దాదాపు 60 శాతం దిగుమతే. అందుకే సౌదీ ధర కదిలితే ఇక్కడి లెక్క కదులుతుంది. 2023 ఆగస్టు చివర్లో బండకు రూ.200, 2024 మార్చిలో మరో రూ.100 తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో రూ.50 పెంచడంతో హైదరాబాద్‌లో 14.2 కిలోల బండ రూ.905కు చేరింది. ధర తగ్గించి అమ్మినందుకు చమురు కంపెనీలకు కేంద్రం 2022లో రూ.22,000 కోట్లు, 2025లో రూ.30,000 కోట్లు పరిహారం ప్రకటించింది. బండ మీద కనిపించని ధర బడ్జెట్‌లో కనిపించిందన్నమాట. ఉజ్వల లబ్ధిదారులకు బండకు రూ.300 రాయితీ, తెలంగాణలో అర్హులకు రూ.500 బండ, ఆంధ్రప్రదేశ్‌లో దీపం–2 కింద ఏడాదికి మూడు ఉచిత బండలు ఈ భారాన్ని కొంత తగ్గిస్తున్నాయి.

ఇండక్షన్ స్టవ్ చౌక అన్న మాట సగమే నిజం. గ్యాస్ పొయ్యి సామర్థ్యం 65 శాతం, ఇండక్షన్‌ది 85 శాతం అనుకుంటే, ఒక బండతో అయ్యే వంటకు దాదాపు 140 యూనిట్లు కావాలి. యూనిట్ రూ.4.80 అయితే ఖర్చు రూ.672, బండ కన్నా తక్కువ. రూ.7.70 అయితే రూ.1,078, బండ కన్నా ఎక్కువ. ఇక ఆ వంట మీటరును 200 దాటిస్తే నష్టం ఇంకా పెద్దది. కాబట్టి ఇండక్షన్ కొనే ముందు చూడాల్సింది స్టవ్ ధర కాదు, వేసవి నెలల కరెంటు బిల్లు.

ఒకే మీటరు, రెండు కుటుంబాలు

పోర్షన్లుగా అద్దెకిచ్చిన ఇళ్లలో తరచూ ఒకే మీటరు ఉంటుంది. చెరో 120 యూనిట్లు వాడే రెండు కుటుంబాలకు తెలంగాణలో విడి మీటర్లుంటే చెరో రూ.436, కలిపి రూ.872. ఒకే మీటరు మీద 240 యూనిట్లు నమోదైతే రూ.1,328. వాడకం పెరగలేదు, రూ.456 అదనం. పైగా ఇద్దరూ ఉచిత పరిధి దాటిపోతారు. ఇంటి యజమాని సబ్ మీటరు చూసి యూనిట్‌కు ఇంత అని వసూలు చేసే చోట ఈ అదనపు భారం కిరాయిదారు మీదే పడుతుంది. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే అద్దెతో పాటు విడి మీటరు సంగతీ తేల్చుకోవడం మంచిది.

పైకప్పు ఉన్నవారికి సోలార్

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు లేదా అంతకన్నా ఎక్కువకు రూ.78,000 సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ నుంచి నెలకు సుమారు 100 నుంచి 120 యూనిట్లు వస్తాయి. సోలార్ ముందుగా కోసేది పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లనే. కాబట్టి 300 యూనిట్లు దాటే సొంతింటికి ఇది త్వరగా గిట్టుబాటు అవుతుంది. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి, డాబా మీద హక్కు లేని అద్దె కుటుంబానికి దీంతో ఒరిగేది తక్కువ.

పొరుగు దేశాలు నేర్పేది

శ్రీలంక ఏళ్ల తరబడి కరెంటును ఖర్చు కన్నా తక్కువకు ఇచ్చింది. 2022లో విదేశీ మారకద్రవ్యం అయిపోయి, చమురు కొనలేక రోజుకు 13 గంటల వరకు కోతలు పెట్టింది. ఆగస్టులో చార్జీలు సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెంచింది. ఏళ్ల తరబడి వాయిదా వేసిన భారం ఏడాది తిరక్కుండానే ప్రజల మీద పడింది.

పాకిస్తాన్‌లో 2023 ఆగస్టులో జనం వీధుల్లో బిల్లులు తగలబెట్టారు. అక్కడ కరెంటు తీసుకోకపోయినా ప్రైవేటు ప్లాంట్లకు కట్టాల్సిన కెపాసిటీ చెల్లింపులు పెద్ద భారం. అక్కడా ఒక 200 గీత ఉంది. వరుసగా ఆరు నెలలు 200 లోపు వాడిన ఇంటికే రక్షిత వర్గం రేటు; ఒక్క నెల దాటితే ఆ రక్షణ పోతుంది. స్తోమత ఉన్నవారు సోలార్‌కు మళ్లారు. 2024లోనే ఆ దేశం సుమారు 17,000 మెగావాట్ల ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది. వారు గ్రిడ్ వాడకం తగ్గించేకొద్దీ ప్లాంట్ల స్థిర ఖర్చు, ప్యానెళ్లు కొనలేక మిగిలినవారి మీదికి మళ్లుతోంది. మన రాష్ట్రాల్లోనూ రాయితీ, సోలార్ విధానాలు రాసేవారు చూడాల్సిన పాఠం ఇది.

ఎవరిని అడగాలి?

బిల్లు అసాధారణంగా వస్తే ముందుగా చూడాల్సినవి మూడు: రీడింగ్ ఎన్ని రోజులకు తీశారు, బిల్లులోని రీడింగ్ మీటరు మీద కనిపించే అంకెతో సరిపోతోందా, సర్దుబాటు చార్జీ ఏ నెలల వాడకానికి సంబంధించింది. తేడా ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. పరిష్కారం కాకపోతే డిస్కం పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. లాయరు అక్కర్లేదు.

రేట్ల మీద మాట చెప్పే అవకాశం కూడా ఉంది. టారిఫ్ ప్రతిపాదనలపై మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు, హాజరై మాట్లాడవచ్చు. ఒక్క యూనిట్‌కు రూ.207 ఎందుకు పడాలని, 200 దగ్గరున్న గోడను మెట్లుగా మార్చాలని అడగాల్సిన చోటు అదే. అప్పటిదాకా ఇంటి వరకు చేయగలిగింది నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోవడం. పదిహేనో రోజుకే అంకె వంద దాటిందంటే, జాగ్రత్త పడటానికి ఇంకా సగం నెల చేతిలో ఉంటుంది.